కందెన

కందెన అన్న మాటను ముప్ఫయ్యేళ్లపాటు పాఠంగా చెప్పాను. బండి ఇరుసుకు పూసే జిడ్డు అని అర్థం రాయించి, సొంతవాక్యం రాయమని పిల్లలకిచ్చి, దిద్ది మార్కులు వేశాను. మా పాలమూరు వాళ్లకు ఆ మాట మీద కాస్త ఎక్కువ హక్కుంది. అలంపురం గుళ్లకు రాళ్లు మోసిన బండ్లు తుంగభద్ర దాటే ముందు ఆగి ఇరుసులకు కందెన పూసుకున్న చోటు కందెనవోలు అయిందనీ, అదే కర్నూలు అయిందనీ ఒక కథ ఉంది. మా పుట్టిల్లు నాగర్‌కర్నూలు పేరుకూ అలాంటి కథే చెప్తారు, బండ్లకు కందెన అమ్మిన ఊరని. కాదు, కందన అనే రాజు పేరు మీద వచ్చిందనే వాళ్లూ ఉన్నారు. ఏది నిజమో గానీ, ఈ కథల్లో రాజు ఉంటాడు, బండివాడు ఉంటాడు, ఎద్దులు కూడా ఉంటాయి. కందెన చేసిన మనిషి మాత్రం ఉండదు.

మా ఇంట్లో కందెన చేసింది మా నాయనమ్మ. చేన్లో పండిన ఆముదాలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసేది. తలకు, దీపానికి, పురిటింటికి పోగా అడుగున మిగిలిన మడ్డినూనెలో గడ్డి కాల్చిన మసి కలిపితే కందెన. కొబ్బరి చిప్పలో పెట్టి తాతకు అందించేది. అంతవరకే ఆమె పని. బండి కిందికి వంగితే తాత కసిరేవాడు, ‘‘నీకేం పనే ఈడ?’’ అని. ఇరుసుకు పట్టే నూనె ఆమెది, ఇరుసు ఆయనది. చిన్నప్పుడు నాకిది వింతగా అనిపించలేదు. అరవయ్యేళ్ల వయసులో, వనపర్తిలో ఒక షెడ్డు నేలమీద వెల్లకిలా పడుకుని కారు కిందినుంచి పైకి చూస్తున్నప్పుడు గుర్తొచ్చింది.

ఆ కారు గద్వాలలో మా మేనమామది. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసిన ఆయన 1974లో హైదరాబాదులో ఎవరి దగ్గరో కొన్న స్టాండర్డ్ హెరాల్డ్, 1964 మోడలు, రెండు తలుపులది. ఇంగ్లండులోని కోవెంట్రీలో స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీ 1959లో ఈ హెరాల్డ్‌ను బయటికి తెచ్చింది. రూపం గీసింది ఇటలీకి చెందిన జొవానీ మికెలొట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు దీన్ని మన దేశంలో చేశారు. 948 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, నేలమీది గేరు కర్ర. అదే చట్రాన్ని కురచ చేసి, దానిమీద 1962లో ఇంగ్లండులో ఒక స్పోర్ట్స్ కారు కట్టారు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అంటే పాత కార్ల ప్రేమికులు ఇప్పటికీ పడిచస్తారు. ఆ లెక్కన మా హెరాల్డ్ ఒక స్పోర్ట్స్ కారుకు సొంత అక్క. ఇల్లూ పిల్లలూ నెత్తిన వేసుకున్న అక్క.

2019లో మామయ్య పోయాక కారు గుడ్డ కప్పుకుని రేకుల పందిరి కింద ఉండిపోయింది. అమెరికాలో ఉన్న కొడుకులిద్దరూ అమ్మేయమన్నారు. పాత ఇనుము వ్యాపారి వచ్చి ధర కూడా చెప్పిపోయాడు. అత్తమ్మ ఔననలేదు, కాదనలేదు. 2022లో నేను రిటైరై చూడ్డానికి వెళ్లినప్పుడు మాత్రం, ‘‘నువ్వు తీస్కపోతవా బిడ్డా? నడిపిస్తవా?’’ అనడిగింది. నడపడం నాకు వచ్చు. బాగు చేయడం రాదు. నేర్చుకుంటానన్నాను. డీసీఎంలో ఎక్కించి, బీచుపల్లి వంతెన మీదుగా కృష్ణ దాటించి, పెబ్బేరు మీదుగా వనపర్తికి తెచ్చాను.

నేర్చుకోవడం అంటే ఎక్కడ? మా వనపర్తి రాజాగారి కోటలో పాలిటెక్నిక్ మొదలైంది కూడా 1959లోనే, హెరాల్డ్ పుట్టిన ఏడాదే. ఆ గేటు ముందునుంచి ఏళ్ల తరబడి కాలేజీకి వెళ్లాను. మెకానికల్ బ్రాంచి అన్న మాట మా ఇళ్లలో ఆడపిల్ల పేరు పక్కన ఒక్కసారి కూడా వినపడలేదు. మాకు బి.ఎ., ఆపైన బి.ఎడ్., మరీ చదివితే పండిత శిక్షణ. అందుకని నాకు గురువు ఊరి చివర షెడ్డు పెట్టుకున్న ఒక ముసలి మేస్త్రి. యవ్వనంలో హైదరాబాదులో హెరాల్డ్‌లూ ఫియట్‌లూ విప్పిన చేయి ఆయనది. ‘‘ఆదివారాలు రా మేడం. ఊకె చూసుడు గాదు, చెయ్యి పెట్టాలె మరి’’ అన్నాడు. ఫీజు మాట్లాడబోతే, పుస్తకం చదివి చెప్పమన్నాడు. కారుతో వచ్చిన ఇంగ్లిషు మాన్యువల్ మామయ్య బీరువాలో దొరికింది. మేస్త్రికి ఇంగ్లిషు రాదు, నాకు ఇనుము రాదు. బేరం కుదిరింది.

హెరాల్డ్‌లో మొదట ఆశ్చర్యపరిచేది బానెట్. రెండు పక్కల కొక్కేలు తీసి లేపితే దీపాలు, మడ్‌గార్డులతో సహా ముందుభాగమంతా ఒక్కసారిగా ముందుకు ఒరిగిపోతుంది. ఇంజను మూడు వైపులా బయటపడుతుంది. ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు, పీటమీద కూర్చుని కూరగాయలు తరిగినంత తీరుబడిగా. ఇవాళ్టి కార్లలో బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత, దానిమీద కంపెనీ పేరు కనిపిస్తాయి. నీకు తెలియాల్సిన పనిలేదు, మా దగ్గరికి తీసుకురా అన్నట్టు ఉంటుంది ఆ మూత. ఆ మాట ఆడవాళ్లకు కొత్తది కాదు.

రెండో పాఠం పానాల దగ్గర. మన షెడ్లలో పానాలన్నీ మిల్లీమీటర్లవి. ఈ కారు బోల్టులు అంగుళాలవి. అరంగుళం బోల్టు తలకాయ అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పెడితే పడుతుంది గానీ వదులు, గట్టిగా తిప్పితే మూలలు అరిగిపోతాయి. 9/16కు 14 పట్టదు, 15 జారుతుంది. అంగుళాల సెట్టు కోసం హైదరాబాదు రాణీగంజ్‌కు వెళ్లాను. ఒక దుకాణంలో కౌంటరు వెనకాయన నా చేతిలోని చీటీ చూసి, ‘‘సార్‌ను పంపండమ్మా, మీకు సైజులు తెల్వవు’’ అన్నాడు. చీటీ రాసింది నేనేనని చెప్పి, పక్క దుకాణంలో కొనుక్కున్నాను.

బలం సంగతి కూడా అక్కడే తేలింది. ‘‘గట్టి బోల్టులు ఆడోళ్లకు రావు’’ అని షెడ్డులో కుర్రాడొకడు నవ్వాడు. మేస్త్రి మాట్లాడకుండా పానా పిడికి మూరెడు ఇనుప గొట్టం తొడిగి నా చేతికిచ్చాడు. తుప్పుపట్టిన బోల్టు కిర్రుమని కదిలింది. అక్కర్లో పడేది కండ కాదు, పొడవు. ఈ లెక్క మనకు రాదా? ఏతం తొక్కిన వాళ్లకు, తిరగలి కర్ర ఎక్కడ పట్టుకుంటే బరువు తగ్గుతుందో తెలిసిన వాళ్లకు? తెలిసిన విద్యే, పేరు మార్చి మగవాడి జేబులో పెట్టారు, అంతే.

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, ఆయన తయారు చేసిన మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసింది. ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీ పిన్నుతో తీసింది. బ్రేకు అరిగితే దారిలో చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. మోటారు కారులో మొదటి దూరప్రయాణం ఆమెదే, దారిలో మొదటి మరమ్మత్తూ ఆమెదే. 1909లో లండన్‌లో డొరొతీ లెవిట్ ఆడవాళ్లకు కారు గురించి పుస్తకం రాసి, వెనక వచ్చే బండ్లు కనపడటానికి చేతి అద్దం దగ్గర పెట్టుకోమని చెప్పింది. మన రాష్ట్రంలోనే కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో ఆదిలక్ష్మి లారీ టైర్లు విప్పి బిగిస్తూ పత్రికలకెక్కింది. అలా ఎక్కిన ప్రతిసారీ ‘మొదటి మహిళ’ అంటారు. బెర్తా తర్వాత ఇంతకాలానికి కూడా మనం మొదటి మహిళలమే ఎందుకవుతున్నాం?

పని మొదలుపెట్టిన రోజు అత్తమ్మ గద్వాల నుంచి వచ్చింది. షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చుంది. నేను బ్యాటరీ మీదికి వంగానో లేదో, ‘‘ఆగు బిడ్డా! గాజులు తియ్యి ముందు. మెళ్లది కూడా తియ్యి’’ అంది. షెడ్డులో అందరూ ఒక్కక్షణం చూశారు. మామయ్య పోయిన పదోరోజు ఆమె చేతుల గాజులు ఎలా తీయించారో చూసినదాన్ని నేను. ఆ నోటివెంట ఆ మాట! కానీ ఆమె ముఖంలో ఏ తడబాటూ లేదు. బ్యాటరీ రెండు కొసలకూ లోహం తగిలితే కరెంటంతా దానిగుండా పారుతుంది, బంగారు గాజైనా క్షణంలో కాలి మణికట్టును కాలుస్తుంది. ‘‘మీ మామ ఉంగరం తీసి నా చేతికిచ్చి గాని బానెట్ లేపకపోయేది’’ అంది. గాజులు తీసి ఆమె కొంగులో వేశాను. మేస్త్రి చున్నీ కూడా తీయమన్నాడు, ఫ్యాను బెల్టుకు ఏ అడ్డూ లేదని. శుభం, అశుభం అని మన ఒంటిమీద మోపినవన్నీ ఆ షెడ్డులో ఉత్త లోహం, ఉత్త గుడ్డ అయ్యాయి. తేలిగ్గా అనిపించింది.

తర్వాతి నెలల్లో వరస నేర్చుకున్నాను. ఇంజను నడవాలంటే పెట్రోలు రావాలి, గాలి అందాలి, నిప్పు వేళకు పడాలి. ఏది లేదో ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి, ఊహించి విప్పకూడదు. పెట్రోలు పైపులన్నీ మార్చాం. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది, అది పాత రబ్బరును తినేస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల సందు 15 థౌ ఉండాలి, అంటే మిల్లీమీటరులో మూడోవంతు కంటే కొంచెం ఎక్కువ. ప్లగ్గుల సందు 25 థౌ. ఫీలర్ గేజ్ రేకు సందులోంచి లాగుతుంటే కొంచెం పట్టి వదలాలి. ఆ పట్టు ఎంతో మాటల్లో చెప్పలేం. పాకం తీగను వేళ్ల మధ్య చూసినట్టు చూడాలి. అది నాకు రెండో ఆదివారానికే వచ్చింది.

మొదటిసారి ఇంజను పలికిన రోజు అత్తమ్మకు ఫోన్ చేసి వినిపించాను. చప్పుడు ముద్దగా ఉంది. ఆమె కొంచెంసేపు విని, ‘‘నాలుగూ పలుకుతలేవు బిడ్డా, మూడే పలుకుతున్నయి’’ అంది. మేస్త్రి ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూశాడు. మూడోది తీసినా చప్పుడులో తేడా రాలేదు. ఆ వైరు లోపల తెగిపోయి ఉంది. మార్చగానే ఇంజను నున్నగా తిరిగింది. మేస్త్రి ఫోను దగ్గరికి వచ్చి, ‘‘సలాం అమ్మా’’ అన్నాడు.

అత్తమ్మ ఎనిమిదో తరగతి చదివింది. నలభై అయిదేళ్లు ఎడమ సీట్లో కూర్చుంది. స్టీరింగు ఒక్కరోజు పట్టలేదు. పట్టమని ఎవరూ అనలేదు. కానీ ఆమెకు ఈ కారు ఎంత తెలుసో ముందు చక్రాల దగ్గర బయటపడింది.

హెరాల్డ్ ముందు చక్రాన్ని మోసే నిలువు కమ్మీ అడుగున మరలు ఉంటాయి. అవి కంచు దిమ్మెలో తిరుగుతాయి. ఆ దిమ్మెను ట్రన్నియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా కమ్మీ ఆ మరల మీదే తిరుగుతుంది. మేస్త్రి గ్రీజు గన్ను తీశాడు. మాన్యువల్‌లో గ్రీజు కాదు, గేరు నూనె అని ఉంది. చదివి చెప్పాను. ‘‘అన్ని బండ్లకు గ్రీజే మేడం. పుస్తకాలల్ల ఎన్నో రాస్తరు’’ అన్నాడు. ఆ వయసు చేతికి ఎదురుచెప్పాలంటే నాకు ఒట్టి పుస్తకం చాలలేదు. అత్తమ్మను అడిగాను. మర్నాడు గద్వాల నుంచి ఒక సంచీ పంపింది. అందులో పద్దు పుస్తకాలు. పాలు, బియ్యం, పిల్లల ఫీజులు, చీరలు నేసేవాళ్లకిచ్చిన అడ్వాన్సులు, వాటి మధ్యలో కారు. పెట్రోలు ఎప్పుడు పోశారు, ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చారు, టైర్లు ఎప్పుడు తిప్పారు, అన్నీ తేదీలతో. ఆరు నెలలకోసారి ఒకే వాక్యం: ‘ముందు చక్రాలకు గేరు నూనె.’ 1974 నుంచి మామయ్య మంచం పట్టేదాకా ఒక్కటి తప్పలేదు. ఫోన్ చేస్తే చెప్పింది: ‘‘మీ మామ పైన స్టీరింగు తిప్పుతుంటే, నేను కింద గన్నుతోని కొట్టేదాన్ని. నూనె బయటికి చెమర్చేదాక కొట్టాలె.’’

అంటే మా అత్తమ్మ బండి కిందికి వంగింది. మా నాయనమ్మ వంగలేని చోటికి. అయినా ఆ కారు బాగా చూసుకుంటాడన్న పేరు ఊళ్లో ఎవరికి వచ్చిందో చెప్పక్కర్లేదు.

మేస్త్రి పుస్తకాలు తిరగేసి, తేదీలు చూసి, గ్రీజు గన్ను పక్కన పెట్టాడు. రెండు వైపులా విప్పాం. మామయ్య చివరి ఏళ్లలో ఏదో షెడ్డులో ఎవరో గ్రీజు కొట్టినట్టున్నారు. పైన గట్టిపడిన గ్రీజు పెచ్చు, దాని కింద ఎండిన మరలు, కుడివైపు కమ్మీ మీద నీళ్లు చేరి తుప్పు. గ్రీజు కింది మరలదాకా దిగదు, పైనే పేరుకుని నూనెకు కూడా దారి మూసేస్తుంది. నూనె అయితే జారి అడుగుదాకా పోతుంది. తుప్పు తిన్న కమ్మీ ఒకరోజు మలుపులో విరుగుతుంది, చక్రం పక్కకు మడుచుకుపోతుంది. హైవే మీద అయితే ఏమవుతుందో మేస్త్రి చేత్తో చూపించాడు. కమ్మీ కొత్తది కావాలి. స్పిట్‌ఫైర్‌కూ ఇదే పద్ధతి కాబట్టి ఇంగ్లండులో ఈ భాగాలు ఇంకా చేస్తున్నారు. తెప్పించి పంపింది ఎవరనుకున్నారు? కారు అమ్మేయమన్న పెద్దకొడుకే. వాళ్లమ్మ పద్దు పుస్తకంలోని ఆ పేజీలు ఫోటో తీసి పంపాను. ఒక రోజంతా జవాబు లేదు. తర్వాత ‘‘పార్ట్ నంబరు చెప్పు’’ అని ఒక్క వాక్యం.

ఇక మిగిలింది కాగితాలు. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అంతకంటే ముందు, చనిపోయిన మనిషి పేరుమీదున్న బండిని వారసుల పేరుకు మార్చాలి. దానికి ఫారం 31. ఎవరి పేరున అన్నది మా ఇంట్లో పెద్ద చర్చ అయింది. నడిపేది నేను గనుక నా పేరునే పెడితే తేలికన్నాడు చిన్నకొడుకు. పెద్దకొడుకు పేరుంటే రేపు అమ్మకానికి సులువని ఒక బంధువు సలహా. అత్తమ్మ ఇల్లు మామయ్య పేరున ఉండేది, పోయాక కొడుకుల పేరుకు మారింది. పొలమూ అంతే. ఎనభయ్యేళ్లు దాటిన ఆమె పేరున ఉన్నవి ఆధార్, రేషను కార్డు, పింఛను బుక్కు. ఇంతకాలం ఏదీ అడగని మనిషి ఆ రోజు వీడియోకాల్‌లో అడిగింది. ‘‘నా పేరున జేయుండ్రి.’’

‘‘ఈ వయసుల నీకు కారెందుకమ్మా?’’ అన్నాడు చిన్నవాడు, నవ్వుతూనే.

‘‘నలభై అయిదేండ్లు నూనె పోసిన. నాది గాకపోతే ఎవలది?’’

ఇద్దరూ అభ్యంతరం లేదని అఫిడవిట్లు పంపారు. ఆలస్యానికి రుసుము కట్టాం. కార్డు వచ్చిన రోజు ఆమె దాన్ని దేవుడి దగ్గర పెట్టలేదు, పద్దు పుస్తకంలో పెట్టుకుంది.

ఇప్పుడు నేను ఆ కారులో గోపాలపేట మీదుగా నాగర్‌కర్నూలుకు వెళ్తుంటాను, గద్వాలకు పోయి ఆమెను ఎక్కించుకుంటాను. ఇరుకు సందుల్లో కూడా ఇరవై అయిదడుగుల్లో గుండ్రంగా తిరిగే బండి అది. ఆదివారాలు షెడ్డుకు వెళ్లడం మానలేదు. మేస్త్రి మనవరాలు ఇంటర్ చదువుతోంది, మాన్యువల్ చదివే పని ఆమె తీసుకుంది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ గురించి అడిగితే వాళ్లమ్మ ఇంకా ఔననలేదు, తాత మాత్రం ఫీలర్ గేజ్ ఆ పిల్ల చేతికే ఇస్తున్నాడు. కొత్త పద్దు పుస్తకంలో అత్తమ్మ చేతిరాత వణుకుతోంది గానీ వాక్యం అదే, ‘ముందు చక్రాలకు గేరు నూనె.’ దాని పక్కన ఇప్పుడు ఒక మాట చేరుస్తోంది, ఆ రోజు కింద పడుకుని నూనె కొట్టింది ఎవరో, వాళ్ల పేరు.